నీలగిరి ‘ఆవిష్కర్తల’ రచనలు: స్థలనామాల దృష్టితో ఒక విమర్శ

వ్యాససంగ్రహం

పందొమ్మిదో శతాబ్ది ప్రథమార్ధంలో నీలగిరి కొండలను బయటి ప్రపంచానికి పరిచయం చేసిన ఆంగ్ల రచనలను చరిత్రకారులు ఆకరాలుగా విరివిగా వాడుకున్నారు. వాటిని సాహిత్యపాఠాలుగా పరిశీలించిన సందర్భాలు మన భాషలో అరుదు. జాన్ సల్లివన్ లేఖలు, జేమ్స్ హఫ్, హెన్రీ హార్క్‌నెస్, రాబర్ట్ బైకీ మొదలైనవారి గ్రంథాలు ఆ కొండలను ఎలా వర్ణించాయి, ఆ వర్ణన ఏ పని చేసింది అనే ప్రశ్నలను ఈ వ్యాసం చర్చిస్తుంది. ‘మొదటివారం’ అనే ప్రకటన, యూరప్‌తో పోలిక, స్థానిక జనాన్ని ‘విలక్షణ’ జాతిగా వేరుచేయడం అనే మూడు పద్ధతులు కలిసి, పేర్లతో నిండిన ఒక సీమను పేరులేని సీమగా చూపాయన్నది ఇందులోని ప్రతిపాదన. తోడాల ప్రార్థనల్లోనూ పాటల్లోనూ ఉన్న స్థలనామ సంపద దీనికి ప్రతిసాక్ష్యంగా నిలుస్తుంది.

కీలకపదాలు: నీలగిరులు, తోడాలు, యాత్రా రచన, స్థలనామాలు, వలస పాలన, మౌఖిక సాహిత్యం.

1. ప్రవేశిక

ఒక కొండ సీమను ‘కనుగొన్నారు’ అనే వాక్యంలో కర్త ఎవరు, ఎవరి కోసం కనుగొన్నారు అన్న రెండు ప్రశ్నలు దాగి ఉంటాయి. ఆ వాక్యం పాఠ్యపుస్తకాల్లో, పర్యాటక కరపత్రాల్లో, దినపత్రికల ఆదివారం సంచికల్లో పదేపదే వినబడుతూ క్రమంగా నిర్వివాద సత్యంగా స్థిరపడిపోతుంది. ఉదకమండలాన్ని సల్లివన్ కనుగొన్నాడన్న వాక్యం అటువంటిదే.

నీలగిరులు నాటి మద్రాసు రాజధానిలో భాగం. అదే పాలనలో ఉన్న తెలుగు జిల్లాలకూ ఆ కొండలకూ పాలకుల ద్వారా ఒక సంబంధం ఉంది. దత్తమండలాలకు 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉండి, రైతువారీ పద్ధతికి రూపమిచ్చిన థామస్ మన్రోయే తరువాత మద్రాసు గవర్నరయ్యాడు. ఆయన 1826లో సల్లివన్ అతిథిగా నీలగిరులకు వెళ్ళాడు. మరుసటి ఏడాది జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. రాయలసీమలో ఇప్పటికీ కథగా బతుకుతున్న మన్రోకూ ఊటీ పుట్టుకకూ మధ్య ఉన్న ఈ ముడి, ఆ రచనలను తెలుగులో చర్చించడానికి ఒక సహేతుకమైన ప్రవేశం.

ఈ వ్యాసం ఆ రచయితలను దోషులుగా నిలబెట్టడానికి రాసినది కాదు. వారి శ్రమ, పరిశీలన, కొన్ని సందర్భాల్లో న్యాయబుద్ధి కాదనలేనివి. రచయిత సద్బుద్ధి ఒకటి, అతడు వాడిన భాష చేసే పని మరొకటి. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే ఇక్కడి విమర్శకు విషయం.

2. ‘మొదటివారు’ ఎవరు?

కోయంబత్తూరు కలెక్టరుగా 1815లో బాధ్యత తీసుకున్న సల్లివన్ 1819 జనవరిలో సిరుముగై వైపునుంచి కొండెక్కాడు. కోటగిరి సమీపంలోని దిమ్‌హట్టి చేరాడు. 1822లో ఉదకమండలంలో రాతి ఇల్లు మొదలుపెట్టాడు. ఆ తరువాత చెరువు తవ్వించాడు. నీలగిరుల కథను సాధారణంగా ఇక్కడినుంచే ప్రారంభిస్తారు.

అయితే అంతకుముందు ఏడాది, 1818లో, సల్లివన్ చేతికింది సహాయకులు విష్, కిండర్స్‌లీ కొండెక్కి వచ్చారు. వారు పొగాకు దొంగరవాణా చేసే ఒకడిని తరుముతూ పైకి చేరారని ఒక కథనం ప్రచారంలో ఉంది. ఆ కథనం నిజమైనా కాకపోయినా, దానిలోని వ్యంగ్యం గమనించదగినది. ‘ఆవిష్కర్తల’కు దారి చూపినవాడు ఆ దారిని ముందే ఎరిగినవాడు. ఇంకా వెనక్కు వెళితే 1812లో కంపెనీ సర్వే ఉద్యోగి విలియమ్ కీస్ కొండపై తిరిగి నివేదిక రాశాడు. 1603లో జెసూట్ మతాచార్యుడు ఫెనీసియో మలబారు వైపునుంచి వచ్చి తోడాలతో దుబాసీ ద్వారా మాట్లాడి వివరాలు నమోదు చేశాడు. అంతకు దాదాపు అయిదు శతాబ్దాల ముందు, 1117 నాటి చామరాజనగర శాసనం హోయసల విష్ణువర్ధనుని సేనాని పుణిసుడు తోడాలను భయపెట్టాడనీ, నీల పర్వతాన్ని వశపరచుకున్నాడనీ చెబుతుంది.

అంటే పన్నెండో శతాబ్ది నాటికే ఆ కొండకు ‘నీల’ అనే పేరుంది, ఆ జనానికి ‘తోడ’ అనే పేరుంది. రెండూ ఒక కన్నడ రాజశాసనానికి ఎక్కాయి. సల్లివన్ చేరిన దిమ్‌హట్టి కూడా నిర్జన ప్రదేశం కాదు. ‘హట్టి’ అంటే బడగల ఊరు. మైసూరు వైపునుంచి వచ్చి కొండమీద వ్యవసాయం చేస్తున్న బడగలకు ‘ఉత్తరాదివారు’ అనే అర్థమిచ్చే ఆ పేరే వారి వలసచరిత్రను చెబుతుంది.

ఈ తేదీల క్రమాన్ని ముందుంచడం ‘మొదటివాడు సల్లివన్ కాదు, ఫలానావాడు’ అని మరొక పేరును ఆ పీఠంపై కూర్చోబెట్టడానికి కాదు. ‘మొదటివాడు’ అనే భావనకు ఒక లెక్కచూపు అవసరం. శాసనకర్తకు కొండ జయించవలసిన హద్దు. మతాచార్యునికి అది మార్చదగిన ఆత్మలున్న చోటు. సర్వేయరుకు శిస్తు వచ్చే నేల. సల్లివన్‌కూ ఆయన తరువాతివారికీ అది ఆరోగ్యాన్నిచ్చే చల్లని చోటు. ప్రతి ఒక్కరూ తమ అవసరం కనిపించిన క్షణాన్నే ఆవిష్కరణ క్షణంగా లెక్కించారు.

3. పోలిక చేసే పని

సల్లివన్ 1819లో మన్రోకు రాసిన లేఖలో ఈ సీమను స్విట్జర్లాండ్‌తో పోల్చాడు. తరువాతి రచనల్లో ఇంగ్లండ్ పల్లెసీమ, స్కాట్లండ్ గుట్టలు, వేల్స్ కొండలు పోలికలుగా వచ్చి చేరాయి. క్రైస్తవ మతబోధకుడు జేమ్స్ హఫ్ లేఖల సంపుటి 1829లోనూ, వైద్యుడు రాబర్ట్ బైకీ గ్రంథం 1834లోనూ వెలువడ్డాయి. ఈ రెండింటిలో వాతావరణం ప్రధాన పాత్ర. ఉష్ణోగ్రత, వర్షపాతం, గాలి, నీరు, ఏ రోగికి ఏ కాలం మేలు అన్న వివరాలు వర్ణనకు వెన్నెముక.

అలంకారశాస్త్ర దృష్టితో చూస్తే ఉపమ తెలియనిదాన్ని తెలిసినదానితో కలుపుతుంది. ఉపమేయం, ఉపమానం రెండూ సభలో ఉండాలి. ఈ రచనల్లో మాత్రం ఉపమానం నెమ్మదిగా ఉపమేయాన్ని మింగేస్తుంది. పాఠకుడికి చివరికి మిగిలేది స్విట్జర్లాండ్ వంటి నీలగిరి కాదు, దక్షిణదేశంలో దొరికిన ఒక స్విట్జర్లాండ్. పోలిక అక్కడినుంచి కాగితం దాటి నేలమీదకు దిగింది. స్నోడన్, ఫెర్న్‌హిల్, ఎల్క్‌హిల్, లవ్‌డేల్, వెల్లింగ్‌టన్ వంటి పేర్లు కొండలకూ ఊళ్ళకూ వచ్చాయి. పచ్చికబయళ్ళమీద, షోలా అడవుల అంచుల్లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన యూకలిప్టస్, అకేషియా చెట్లు పెరిగాయి. 1848లో ప్రభుత్వ ఉద్యానవన నిర్మాణానికి మెకైవర్ బాధ్యత తీసుకున్నాడు. వర్ణన ముందు వచ్చింది, ఆ వర్ణనకు తగినట్టు దృశ్యాన్ని మార్చడం తరువాత జరిగింది.

పచ్చికబయలు ఐరోపా కంటికి ఖాళీ నేల. చెట్టు లేదు, పంట లేదు, కంచె లేదు. తోడాల కంటికి అది గేదెల మేత, అంటే జీవనాధారమూ ధర్మాధారమూ. చూపుల్లోని ఈ తేడాను ఆ రచనలు గుర్తించిన చోట్లు చాలా తక్కువ. ఖాళీగా కనిపించిన నేలకు యజమాని ఉన్నాడని ఒప్పుకోవడం పాలకులకు కష్టమైంది.

దీనికి ఒక చిన్న ప్రతిఘటన కూడా ఉంది. సల్లివన్ రాతి ఇంటిని ఆంగ్లేయులు ‘స్టోన్‌హౌస్’ అన్నారు. స్థానికులు దాన్ని ‘కల్ బంగళా’ అని పిలుచుకున్నారు. వచ్చినవారు కొండకు పేర్లు పెడుతుంటే, ఉన్నవారు వచ్చినవారి ఇంటికి తమ మాటల్లో పేరు పెట్టారు. పేరుపెట్టే శక్తి ఒకవైపే లేదనడానికి ఇది సాక్ష్యం. కాకపోతే పటంలోకి ఎక్కే అధికారం ఒకవైపే ఉంది.

4. ‘విలక్షణ’మనే విశేషణం

హెన్రీ హార్క్‌నెస్ 1832లో ప్రచురించిన గ్రంథం పేరులోనే నీలగిరి శిఖరాలమీద నివసించే ఒక ‘విలక్షణ’ ఆదిమజాతి అన్న భావం ఉంది. తోడాల నిలువెత్తు విగ్రహం, గడ్డం, ముక్కుతీరు, వస్త్రధారణ ఆయనను ఆకర్షించాయి. ఆ తరువాత వారి మూలాల గురించి ఊహల పరంపర మొదలైంది. ఇజ్రాయెలు వంశీకులని ఒకరు, రోమనులని మరొకరు, సిథియనులని ఇంకొకరు ఊహించారు. 1873లో మార్షల్ అనే సైనికాధికారి కపాల లక్షణశాస్త్రం ఆధారంగా తోడాల స్వభావాన్ని నిర్ణయించే గ్రంథమే రాశాడు. విచిత్రమేమిటంటే, ఆ గ్రంథానికి అనుబంధంగా తమిళ పండితుడు జి.యు. పోప్ రాసిన తోడా వ్యాకరణ రూపరేఖ ఉంది. తలలను కొలిచే అధ్యాయాలకు నేడు విలువ లేదు. అనుబంధంలోని వ్యాకరణం మాత్రం భాషాశాస్త్ర చరిత్రలో నిలిచింది.

‘విలక్షణ’మనే విశేషణం పైకి ప్రశంసగా కనబడుతుంది. దాని పని మాత్రం వేరుచేయడం. వాస్తవంలో తోడాలు ఒంటరి జాతి కాదు. కోటాలు కుండలు, ఇనుప పనిముట్లు చేసి ఇచ్చేవారు, తోడాల, బడగల అంత్యక్రియల్లో వాద్యాలు వాయించేవారు. బడగలు ధాన్యభాగం ఇచ్చేవారు. తోడాలు పాడి ఉత్పత్తులు ఇచ్చేవారు. కురుంబలు అడవి సరుకు తెచ్చేవారు, వారి మంత్రశక్తికి తక్కినవారు భయపడేవారు. ఇచ్చిపుచ్చుకోవడంతో పాటు భయం, హోదా, తగవు కలగలిసిన ఒక పూర్తి సమాజం అది. దాన్నుంచి ఒక్క తోడాను పైకెత్తి పురాతన విగ్రహంలా నిలబెట్టినప్పుడు, మిగిలిన మూడు నాలుగు జనసమూహాలు నేపథ్యంలోకి వెళ్ళిపోయాయి. తోడాకు కూడా ఇరుగుపొరుగు లేకుండా పోయింది.

రిచర్డ్ బర్టన్ 1851లో ప్రచురించిన గోవా, నీలగిరుల యాత్రాగ్రంథం ఈ ప్రశంసా సంప్రదాయాన్ని ఎగతాళి చేస్తుంది. అనారోగ్య సెలవుపై వచ్చిన ఆ సైనికాధికారికి ఊటీ సమాజం విసుగు పుట్టించింది. ప్రచారకుల ఉత్సాహం మీద ఆయన విసుర్లు చదవడానికి హాయిగా ఉంటాయి. అయినా కొండవాసుల పట్ల ఆయన చూపు మెరుగైనది కాదు. ప్రచారాన్ని అవహేళన చేసిన రచన కూడా ప్రచారం గీసిన చట్రంలోనే నిలిచింది.

5. సల్లివన్‌లోని వైరుధ్యం

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి సల్లివన్‌ను కేవలం ఆక్రమణకు ప్రతినిధిగా తేల్చివేయడం సులభం. ఆకరాలు అందుకు ఒప్పుకోవు. నీలగిరి భూమిపై స్థానికులకు, ముఖ్యంగా తోడాలకు, యాజమాన్యపు హక్కు ఉందనీ, యూరోపియన్లు నేల తీసుకుంటే పరిహారం చెల్లించాలనీ వాదించిన అధికారి ఆయనే. 1827 నుంచి 1832 వరకు గవర్నరుగా ఉన్న స్టీఫెన్ లషింగ్‌టన్ ఆ వాదాన్ని అంగీకరించలేదు. ఆ కొండలను సైనికుల ఆరోగ్యకేంద్రంగా వేగంగా తీర్చిదిద్దడమే లషింగ్‌టన్ లక్ష్యం. బడగలు తోడాలకిచ్చే ధాన్యభాగం భూస్వామ్యానికి గుర్తా, కేవలం ఆచారమా అన్నది నాటి అధికారుల మధ్య వివాదాంశమైంది.

అదే సల్లివన్ అక్కడ విస్తారంగా నేల సంపాదించాడు. బంగాళదుంప, యూరప్ పళ్ళు, కూరగాయలు పండించాడు. తోడాల మందు ఉన్న లోయలోనే పట్టణానికి పునాది వేశాడు. 1838లో భార్యనూ కూతురినీ ఆ ఊళ్ళోనే పోగొట్టుకున్నాడు. వారి సమాధులు సెయింట్ స్టీఫెన్ చర్చి ఆవరణలో ఉన్నాయి. ఆ సీమతో ఆయన అనుబంధం నటన కాదు.

మరి వైరుధ్యం ఎక్కడుంది? తోడాల హక్కును గుర్తించడానికి ఆయన వద్ద ఉన్న భాష రెవిన్యూ భాష. పట్టా, ఎకరం, పరిహారం అన్న మాటల్లోకి వచ్చినప్పుడే హక్కు హక్కవుతుంది. గేదెలు ఏ రుతువులో ఏ బయలుకు వెళతాయి, ఏ పాలశాల ఏ కులానిది, ఏ వాగును ఎవరు దాటకూడదు అన్న తోడా భూజ్ఞానం ఆ భాషలోకి అనువాదం కాదు. హక్కుకు ధర కట్టగానే దాన్ని కొనడానికీ దారి ఏర్పడింది. కొండకు మేలు కోరిన రచనే కొండను అమ్మకానికి యోగ్యం చేసింది. లషింగ్‌టన్ నిరాకరణ కంటే సల్లివన్ అంగీకారం విమర్శకుడికి పెద్ద ప్రశ్న కావడానికి కారణం ఇదే.

6. క్వర్జమ్, పాట: పేర్లున్న కొండ

1901–02లో తోడాల మధ్య పరిశోధించిన డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ 1906లో తన బృహద్గ్రంథాన్ని ప్రచురించాడు. అందులో పాలశాల ప్రార్థనల గురించిన భాగం సాహిత్య విద్యార్థికి ప్రత్యేకంగా విలువైనది. తోడా ప్రార్థనలో ప్రధానాంశం నామోచ్చారణ. దేవతలు, ఊళ్ళు, కొండలు, వాగులు, గేదెల దొడ్లు, పాలశాలలు వంటివాటికి వ్యవహారంలోని పేర్లతో పాటు ప్రార్థనలో మాత్రమే పలికే పవిత్రనామాలున్నాయి. వాటిని ‘క్వర్జమ్’ అంటారు. ఒక్కొక్క క్వర్జమ్ పలికి, ‘దాని కొరకు’ అనే అర్థమిచ్చే మాట చేరుస్తారు. మన సహస్రనామ సంప్రదాయంలో ఒకే దైవానికి వేయి పేర్లు. ఇక్కడ ఒక సీమలోని చోట్లన్నిటికీ పేర్లు, ఆ పేర్ల వరుసే ప్రార్థన.

1935 నుంచి 1938 వరకు భారతదేశంలో క్షేత్రపరిశోధన చేసిన ముర్రే ఎమెనో 1971లో తోడా పాటల సంపుటిని ప్రచురించాడు. ఆయన వివరించిన రచనావిధానం ప్రకారం తోడా పాట మూడేసి అక్షరాల ఘటకాలతో నిర్మితమవుతుంది. ఘటకాలు జంటలుగా నడుస్తాయి. ఒక చోటు పేరు వస్తే దానికి జతగా సంప్రదాయం నిర్ణయించిన మరొక చోటు పేరు రావాలి. మనుషులకు, కులాలకు, గేదెలకు కూడా ఇటువంటి జంటలున్నాయి. పాట అప్పటికప్పుడు కడతారు, కానీ ఈ జంటల జ్ఞానం లేనివాడు పాట కట్టలేడు. అంటే కొండ అంతటి నామపటాన్ని నోటికి నేర్చుకోవడమే కవిత్వశిక్షణ. ఈ శిక్షణ కొద్దిమంది కవులకే పరిమితం కాదు. పాట కట్టడం తోడా సమాజంలో సర్వసాధారణ విద్య.

ఈ రెండు సాక్ష్యాలను హఫ్, హార్క్‌నెస్, బైకీల గ్రంథాల పక్కన పెట్టినప్పుడు తేడా స్పష్టమవుతుంది. ఆ గ్రంథాల్లో పేర్లు లేవనడం అన్యాయం. 1821 నాటి వార్డ్ సర్వే వివరాల్లో ఊళ్ళ పేర్లున్నాయి, 1880లో గ్రిగ్ సంకలనం చేసిన జిల్లా మాన్యువల్ అటువంటి నివేదికలను భద్రపరచింది. అయితే అక్కడ పేరు గుర్తింపు కోసం ఉంది. తోడా పాటలో పేరు సంబంధం కోసం ఉంది. సర్వేలో ఒక పేరు పక్కన ఇళ్ళ సంఖ్య వస్తుంది. పాటలో ఒక పేరు పక్కన దాని జంట వస్తుంది.

వ్యక్తుల పేర్ల విషయంలోనూ ఇదే స్థితి. తొలి యాత్రాకథనాల్లో దారి చూపినవారు, మూటలు మోసినవారు, దుబాసీలు సాధారణంగా కులం పేరుతోనే కనిపిస్తారు. ఎమెనో 1944–46లో వెలువరించిన కోటా పాఠాల్లో కథలు చెప్పిన సుల్లి అనే కోటా వ్యక్తి మాత్రం పేరుతో, వ్యక్తిత్వంతో నిలిచాడు. ఎమెనో కూడా బయటివాడే. ఆయన పాటలను విశ్వవిద్యాలయ ప్రచురణగా మార్చినప్పుడు పాడేవారి గొంతు కాగితమైంది. అయినా వినడానికి కూర్చున్న పరిశోధకుడికీ చూసి వెళ్ళిన యాత్రికుడికీ మధ్య అంతరం ఉంది. ఆ అంతరం వారి పాఠాల నిర్మాణంలోనే కనిపిస్తుంది.

7. తెలుగు పరిశోధనకు దీనితో ఏమి పని?

మొదటిది భాషాసంబంధం. భద్రిరాజు కృష్ణమూర్తి 2003 నాటి గ్రంథంలో తోడా, కోటా భాషలను దక్షిణ ద్రావిడంలో ఒక శాఖగా, తెలుగును దాని సోదరశాఖలో చూపాడు. తోడాల నివాసాన్ని ఇతరులు ‘మందు’ అంటారు. ఉదకమండలం పాత పేరు చివర వినిపించేది ఆ మాటే. గొర్రెల మంద, ఆవుల మంద అన్నప్పుడు మనం వాడే ‘మంద’ దానికి సజాతీయ పదమే. రోమ్‌లోనూ ఇజ్రాయెల్‌లోనూ వెతికిన చుట్టరికం ఇరుగుపొరుగు భాషల్లోనే ఉంది.

రెండవది యాత్రారచన. హఫ్, హార్క్‌నెస్‌ల గ్రంథాలు వెలువడిన కాలంలోనే, 1830 మేలో మద్రాసు నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. ఆయన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయింది. శ్రీశైలంతో సహా ఆయన చేరిన ప్రతి మజిలీకీ పేరుంది. అక్కడి నీటి వసతి, అంగళ్ళు, దారి తీరు నమోదయ్యాయి. ఆయన సుప్రీంకోర్టు ఉద్యోగి, బోయీలు మోసే పల్లకీలో ప్రయాణించిన సంపన్నుడు. కొండవాసుల పక్షాన రాసినవాడేమీ కాదు. అయినా తన ముందే జనం నడిచిన దారిలో తాను నడుస్తున్నానన్న ఎరుక ఆ రచన పునాదిలో ఉంది. యాత్రికుడికి ‘మొదటివాడు’ కావలసిన అవసరం లేదు. ఇద్దరూ మద్రాసు కేంద్రంగా ఉన్న ఒకే పాలనలోనివారు, ఒకే దశాబ్దంలో రాసినవారు. రచనాదృక్పథాలు మాత్రం వేరు. ఈ తులన మరింత విస్తృతంగా జరగవలసి ఉంది.

మూడవది వర్తమానం. లంబసింగిని ‘ఆంధ్రా కాశ్మీరు’ అని వర్ణించడం మన పత్రికలకూ పర్యాటక ప్రచారానికీ అలవాటైంది. అరకు, పాడేరు కొండల గురించి రాసేటప్పుడు మంచు, లోయ, కాఫీ తోట కనిపించినంతగా, ఆ గుట్టలకూ గెడ్డలకూ అక్కడివారు పెట్టుకున్న పేర్లు కనిపించవు. సల్లివన్ స్విట్జర్లాండ్‌కూ మన కాశ్మీరుకూ మధ్య రెండు వందల ఏళ్ళున్నాయి. పోలిక నిర్మాణం మాత్రం మారలేదు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. నీలగిరుల ‘ఆవిష్కరణ’ ఒక సంఘటన కాదు. 1117 నాటి శాసనం, 1603, 1812, 1818ల నాటి యాత్రలు ముందే ఉండగా, 1819ని ఆరంభంగా నిలిపినది తరువాతి ప్రచారరచన.

2. యూరప్‌తో పోలిక వర్ణనాలంకారంగా మొదలై, పేర్లు, చెట్లు, కట్టడాల రూపంలో నేలను మార్చే కార్యక్రమానికి నమూనా అయింది.

3. తోడాలను ‘విలక్షణ’ జాతిగా చూపిన రచనలు కోటా, బడగ, కురుంబ సమూహాలతో వారికున్న సంబంధజాలాన్ని మరుగుపరచాయి.

4. సల్లివన్ తోడాల హక్కును సమర్థించినా, ఆ సమర్థన రెవిన్యూ పరిభాషలోనే సాగడంవల్ల భూమి క్రయవిక్రయాలకు లోబడింది.

5. క్వర్జమ్‌లు, తోడా పాటలు ఆ సీమకు ముందునుంచీ ఉన్న సమగ్రమైన నామవ్యవస్థను నిరూపిస్తున్నాయి.

తొలి యాత్రికుల గ్రంథాలను పక్కన పెట్టనక్కరలేదు. వాటిని తోడా పాటలతో కలిపి బోధించాలి. తెలుగు ప్రాంతపు కొండల విషయంలో అటువంటి పాటలు, స్థలనామాలు, వాటి వెనుక కథలు ఇంకా మాట్లాడేవారి నోట ఉన్నాయి. వాటిని చెప్పినవారి పేర్లతో సహా సేకరించడం తెలుగు శాఖల తక్షణ కర్తవ్యం. ఒక తరం మౌనమైతే, ఆ తరువాత ఆ కొండలను ఎవరైనా మళ్ళీ ‘కనుగొంటారు’.